కదలని సీళ్లు

బేరమాడటంలో నాకు పేరే కానీ ఫలితం తక్కువ. తగరపువలసలో మా కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినదాన్ని, ఇప్పటికీ కరివేపాకు కొసరు కోసం గొడవపడి బస్సు పోగొట్టుకుంటాను.

రేవులోని క్రేన్లకు విడిభాగాలు సరఫరా చేసే గాజువాక గోదాంలో సరుకు ప్లానింగ్ నాది. నిరుడు మేనేజరు గారు అన్ని సరుకులకూ ముందుజాగ్రత్త నిల్వ సగం చేయమన్నారు. పెయింటు డబ్బాలు, గ్లౌజులు ఆయన చెప్పినట్టే తగ్గించాను. రేవువాళ్లు వాటిని వందసార్లు అడిగితే ఇరవైసార్లు లేదన్నా పర్వాలేదు. ఆయిలు కారకుండా ఆపే సీళ్లను మాత్రం ముట్టుకోనివ్వలేదు. అవి లేకపోతే క్రేను ఆగుతుంది.

"సీళ్లు సగటున పదిహేను రోజుల్లో వస్తున్నాయి కదమ్మా," అన్నారాయన.

"సగటు లారీ మన గేటుకాడికి ఎప్పుడూ రానేదండి. ఒకటి వారానికొత్తాది, ఇంకోటి నెలకొత్తాది. పెయింటు లేదని సెప్తాను. సీలు లేదని నాను సెప్పనండి."

"ఇదేమైనా సంతా, బేరమాడటానికి?"

పక్క సీటులోని కుర్రాడు గొణిగాడు. "అక్కా, ఏటి సేత్తన్నావ్? ఒప్పేసుకో."

ఒప్పుకోలేదు. సీళ్లు వాడకుండా మిగిలిపోతే ఆ తప్పు నా పేరున రాసుకోమన్నాను.

ఏడాది తిరిగింది. నా ఖర్మకొద్దీ లారీలన్నీ వేళకే వచ్చాయి. మొన్న మేనేజరు గారు సీళ్లున్న అర ముందు ఆగారు.

"కదిలాయా మీ సీళ్లు?"

"కదల్లేదండి. ఈ ఏడూ అన్నే ఉంచుతన్నాను. లారీలు మళ్లీ వేళకొత్తాయని మీరు రాసిత్తే తీసేత్తాను."

ఆయన రాసివ్వలేదు.