రాయమల్లు నడుము బాగైనంక

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో రాయమల్లు మాట వస్తే పాత హమాలీలు ఇప్పటికీ ముందు అతని చేతుల గురించే చెబుతారు. నిండు మిర్చి బస్తాను ఇంకో మనిషి సాయం లేకుండా వీపు మీదికి ఎత్తుకునేవాడు. బస్తాలు లాగే ఇనుప కొక్కెంతో ఒకసారి ఒక లారీ డ్రైవర్ దవడ పగలగొట్టాడు. కాంటా దగ్గర మాటా మాటా పెరిగితే అవతలివాడి మాట పూర్తయ్యేలోపు చెంప పేలేది. అతనికి భయపడే హమాలీల ముఠా అతన్ని తమకు పెద్దగా పెట్టుకుంది.

ఆ చేతులే సాయంత్రం ఇంటికి వచ్చేవి. ఇంట్లో సోమక్క ఉండేది.

సోమక్కది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పల్లె. పెళ్లయిన కొత్తలోనే మొదటి దెబ్బ తిన్నది. ఎందుకు కొట్టాడో ఇప్పుడామెకు గుర్తు లేదు. ఎడమ చెవి మీద పడిందని మాత్రం గుర్తుంది, ఎందుకంటే ఆ చెవికి ఈనాటికీ సరిగ్గా వినపడదు. మొదటి కాన్పు దక్కలేదు. నిండు కడుపుతో ఉండగా గోడకేసి తోశాడు. దవాఖానలో ఏమైందని అడిగితే బావి దగ్గర జారి పడ్డానని చెప్పింది. ఆ తర్వాత యమున పుట్టింది. తండ్రి సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వింటే చాలు, పుస్తకం మూసి మంచం కిందికి దూరడం ఆ పిల్లకు బడికి పోకముందే అలవాటైంది.

సోమక్క మిర్చి గోదాముల్లో తొడిమలు తీసే పనికి పోయేది. అక్కడ ఆడవాళ్లందరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి, అందరి ముక్కులూ కారుతూనే ఉంటాయి. ఆమె ఏడ్చి వచ్చిందా అని అడిగే పని ఎవరికీ పడేది కాదు.

అరవై దాటాక రాయమల్లు నడుము మొరాయించడం మొదలుపెట్టింది. ముందు పిక్కలు గుంజేవి. తర్వాత కాసేపు నిలబడితే తొడల దగ్గరి నుంచి పాదాల దాకా తిమ్మిరెక్కి, కాళ్లు ఉన్నాయో లేవో తెలిసేది కాదు. కూచుంటే తగ్గేది. సైకిల్ మీద ముందుకు వంగి ఎంత దూరమైనా పోగలిగేవాడు, దిగి కిరాణా కొట్టు ముందు నిలబడలేకపోయేవాడు. అప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం మార్కెట్లో బస్తా వీపు మీద ఉండగానే రెండు కాళ్లూ ఒక్కసారి వదిలేశాయి. బోర్లా పడ్డాడు. బస్తా పిగిలి మిరపకాయలు అతని తల మీద కుప్పగా పడ్డాయి. ఏళ్ల తరబడి అతని చేత చెంపదెబ్బలు తిన్న వెంకట్రాజం అనే హమాలీ పక్కనే నిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. రాయమల్లు లేచి వాణ్ని కొట్టబోయి మళ్లీ కూలబడ్డాడు. ఆ రోజు నుంచి ముఠాకు వెంకట్రాజం పెద్ద అయ్యాడు.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు, కూరలో ఉప్పు ఎక్కువైందని రాయమల్లు కంచం విసిరి సోమక్క మీదికి లేచాడు. ఆమె అలవాటుగా చేతులు తలకు అడ్డం పెట్టుకుంది. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచి చూస్తే అతను గోడ పట్టుకుని వణుకుతున్నాడు. కాళ్లు మోయక అలాగే జారి నేల మీద కూచున్నాడు. సోమక్క కొంచెం వెనక్కి జరిగింది. అంతే, ఇక ఆమె అతనికి అందలేదు.

తర్వాత రెండేళ్లూ ఆమె అలా అందకుండానే బతికింది. చెంబు విసిరేవాడు, చెప్పు విసిరేవాడు, నోటికొచ్చిన బూతులు తిట్టేవాడు. వినపడని చెవిని అటు తిప్పి ఆమె పని చేసుకునేది. ఒంటి మీద పాత కమిలిన మచ్చలు పోయి కొత్తవి రాలేదు. గోదాములో ఒకరోజు ఎవరో ఏదో అంటే గట్టిగా నవ్వింది. పక్కనున్న ఆడవాళ్లు ఆ నవ్వు కొత్తగా ఉందని తిరిగి చూశారు.

అప్పుడు యమున ఒక కబురు తెచ్చింది. యమునది హసన్‌పర్తి అత్తగారిల్లు. హనుమకొండలో ఒక దవాఖానలో శ్రీకాంత్ అనే వెన్నుపూస డాక్టరు అరవై దాటినవాళ్ల నడుము అరుగుదల మీద రీసెర్చ్ చేస్తున్నాడని, చిన్న కోతతో ఆపరేషన్ చేసి ఏడాది పాటు వాళ్లు ఎలా ఉన్నారో చూస్తారని ఎవరో చెప్పారట. రాయమల్లు మొహం వెలిగింది. సోమక్క పొయ్యి దగ్గరి నుంచి లేవలేదు.

అయినా ముగ్గురూ వెళ్లారు. ఎమ్మారై తీశాక డాక్టరు బొమ్మ చూపిస్తూ చెప్పాడు.

"వెన్నుపూసల నడుమ నరాలు పోయే దారి ఉంటది పెద్దమ్మా. ఇన్నేళ్లు బరువులు మోసి ఎముకలు అరిగినయ్, పక్కన పొరలు మందమైనయ్. దారి ఇరుకైంది. నిటారుగ నిలబడితే ఇంకా ఇరుకైతది, ముందుకు వంగితే కొంచెం తెరుచుకుంటది. అందుకే సైకిల్ తొక్కుతడు గానీ నిలబడలేడు."

"ఎన్నుపూస ఆపరేషన్ జేస్తె కాళ్లు పడిపోతయంటరు గద సారూ," అంది సోమక్క.

"ఆ భయం అందరికీ ఉంటది. ఇప్పుడు నడుమంతా చీల్చం. వేలంత గొట్టం లోపలికి పంపి, నరాన్ని నొక్కేదాన్ని మాత్రం గీకి తీస్తం. ప్రమాదం అసలే లేదని చెప్పను. కానీ చానామందిని మర్నాడే లేపి నడిపిస్తున్నం."

"ముసలి పానం సారూ. తట్టుకుంటడా?"

"ముసలోళ్లు ఎట్ల తట్టుకుంటున్నరన్నదే మా స్టడీ పెద్దమ్మా."

ఆమె దగ్గర ఇంకో సాకు మిగల్లేదు. బయటికి వచ్చాక యమున తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఏందే అవ్వా, అన్నిటికి అడ్డం పడ్తానవ్? నాయిన మంచిగైతె నీకు మంచిది గాదా?"

"మంచిగైతె లేస్తడు బిడ్డా. లేస్తె కొడ్తడు."

యమున చెయ్యి వదిలేసింది. "ఇంకేం కొడ్తడే. ముసలోడైండు," అంది తల్లి మొహం చూడకుండా.

ఆపరేషన్‌కు ఒప్పుకోవడానికి సోమక్కకు ఇంకో కారణం దొరికింది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ వారంలోనే ఒక పొద్దున రాయమల్లు స్నానాలగదికి పోతూ వాకిట్లో పడ్డాడు. లేవలేక మోచేతుల మీద పాకాడు. సోమక్క చీపురు పట్టుకుని చూస్తూ నిలబడింది. లేపడానికి పోలేదు. అతని గడ్డం నేలకు గీరుకుని రక్తం వస్తుంటే ఆమె గుండెల్లో ఏదో తియ్యగా కదిలింది. అదేమిటో తెలిశాక చీపురు జారిపోయింది. అతన్ని చూసి ముప్పై ఏళ్లు భయపడింది కానీ, తనను చూసి తాను భయపడటం అదే మొదటిసారి. మర్నాడు కాగితాల మీద వేలిముద్ర వేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాటి పొద్దున సుభాషిణి అనే ఫిజియోథెరపీ అమ్మాయి రాయమల్లును మంచం మీది నుంచి లేపింది. అతను వరండా ఆ చివరిదాకా నడిచాడు, తిరిగి ఈ చివరికి వచ్చాడు. చుట్టుపక్కల రోగుల బంధువులు చప్పట్లు కొట్టారు. యమున ఏడ్చింది. రాయమల్లు నిటారుగా, నవ్వుతూ, సోమక్క వైపు నడిచి వస్తున్నాడు. అతను ఇంత పొడుగన్న సంగతి ఆమె మరిచిపోయింది. దగ్గరికి రాగానే ఆమె ఒళ్లు దానంతటదే గోడకు అతుక్కుపోయింది, చెయ్యి మొహానికి అడ్డం లేచింది. సుభాషిణి అది చూసింది.

ఇంటికి వచ్చాక సోమక్క అతనికి చెప్పులు తొడిగింది, వీపు తుడిచింది, వంగొద్దని డాక్టరు చెప్పినవన్నీ వంగి తానే తీసిచ్చింది. రాయమల్లు ఆ రోజుల్లో మెత్తగా ఉన్నాడు. "నువ్వు లేకుంటె సస్తుంటినే," అన్నాడొకసారి. యమున అన్నదే నిజమేమో అనుకుంది సోమక్క.

గాయం మానాక అతను మార్కెట్‌కు పోయాడు. బస్తాలు ఎత్తడానికి కాదు, ఊరికే కూచుని రావడానికి. అక్కడ వెంకట్రాజం ముఠా అందరి ముందూ అడిగాడు.

"ఏమే తాతా, పెండ్లాం చెప్పులు తొడిగి తోలిందా?"

రాయమల్లు వాడి చెంప మీద కొట్టాడు. వెంకట్రాజం వయసులో చిన్నవాడు, రెండేళ్లుగా పెద్దరికం చేస్తున్నవాడు. వాడు రాయమల్లును చొక్కా పట్టుకుని బస్తాల మీదికి విసిరాడు, ఛాతీ మీద కాలు పెట్టి తొక్కాడు, మొహం మీద ఉమ్మాడు. నలుగురు పట్టి లాగితే వదిలాడు. రాయమల్లు లేచి, దుమ్ము దులుపుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నడిచి ఇంటికి వచ్చాడు. అంత దూరమూ నడిచాడు. కాళ్లు ఎక్కడా తిమ్మిరెక్కలేదు.

సోమక్క అప్పుడు అన్నం వారుస్తోంది. వెనక నుంచి జుట్టు పట్టి లేపాడు. గంజి కాళ్ల మీద ఒలికి ఆమె కేక పెట్టింది. ఆ కేక మీదే కొట్టాడు. మొహం మీద, మెడ మీద, కింద పడ్డాక డొక్కల్లో. ఆమె తల రోలు అంచుకు తగిలింది. రెండేళ్లు కొట్టలేని దెబ్బలన్నీ దాచిపెట్టుకున్నట్టు కొట్టాడు. అలిసిపోయి బయటికి పోయి మంచం మీద కూచుని నీళ్లు అడిగాడు. సోమక్క నేల మీది నుంచి లేచి, కంటి మీద కారే రక్తం కొంగుతో తుడుచుకుని నీళ్లు తెచ్చి ఇచ్చింది. అందుకు తనను తాను ఆమె చాలా రోజులు తిట్టుకుంది.

ఆ తర్వాత కొట్టడం మళ్లీ మామూలైంది. రీసెర్చ్ కోసం సుభాషిణి ఇంటికి వచ్చిన రోజుకు సోమక్క కన్ను ఇంకా వాచే ఉంది. రాయమల్లు మంచం మీద దర్జాగా కూచున్నాడు. సుభాషిణి ఒక్కొక్కటే అడుగుతోంది.

"ఎంత దూరం నడుస్తున్నరు తాతా?"

"మార్కెట్ దాక పోయొస్తాన బిడ్డా."

"నిలబడితే తిమ్మిరి?"

"లేదు."

"ఇంట్ల పనులకు ఇబ్బంది ఏమన్న? బరువు లేపడం, చేతులు పైకెత్తడం?"

"ఏం లేదు. దేవుడు సల్లగ సూసిండు."

వంటింటి గడపలో నిలబడ్డ సోమక్క నోరు తెరిచింది. మాట వచ్చేదాకా అది వస్తుందని ఆమెకే తెలియదు.

"రాస్కో బిడ్డా. చెయ్యి మస్తు లేస్తాంది. గీ కన్ను సూడు. ఎనుకట లెక్కనే లేస్తాంది."

సుభాషిణి చేతిలో పెన్ను ఆగిపోయింది. రాయమల్లు మొహం నల్లబడింది. పరాయి పిల్ల ముందు ఆ మాట. ఒక్క ఊపులో మంచం దిగాడు. "తాతా, ఆగండి!" అని సుభాషిణి అరుస్తూనే ఉంది, అతను సోమక్క మెడ పట్టి తలను గడప చట్రానికేసి కొట్టాడు. ఒకసారి, మళ్లీ. సుభాషిణి అతని చొక్కా పట్టి లాగితే విదిలించాడు, ఆమె వాకిట్లో పడింది.

సోమక్క చెయ్యి పక్కన గోడకు ఆనించిన రోకలికి తగిలింది. ఆమె దాన్ని పట్టుకుంది. మళ్లీ లేచిన అతని కుడిచెయ్యి చూసి, మిర్చి దంచినట్టు, రెండు చేతులా ఎత్తి వేసింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు కుడి చెవిలో స్పష్టంగా వినపడింది. రాయమల్లు గావుకేక పెట్టి, చెయ్యి పొట్టకు అదుముకుని అటు తిరిగి ముందుకు వంగాడు.

ఇప్పుడు అతని వీపు ఆమె ఎదురుగా ఉంది. చొక్కా పైకి పోయింది. నడుము మీద ఆ చిన్న గాటు కనపడుతోంది, తాను రోజూ దూదితో తుడిచిన గాటు. రోకలి ఇంకా పైనే ఉంది. అక్కడ ఒక్క దెబ్బ పడితే ఇక ఎప్పటికీ లేవడని ఆమెకు తెలుసు. వాకిట్లో పాకినరోజు కలిగిన తియ్యదనమే మళ్లీ గుండెల్లోకి వచ్చింది.

"అవ్వా, వద్దు," అంది కింది నుంచి సుభాషిణి.

సోమక్క రోకలిని దించి గోడకు ఆనించింది. గడపలోనే కూచుంది.

ఆటోలో ముగ్గురూ అదే దవాఖానకు పోయారు. డాక్టర్ శ్రీకాంత్ అడిగితే రాయమల్లు పడ్డానన్నాడు. ఆడది చెయ్యి విరగ్గొట్టిందని తెలిస్తే మార్కెట్లో తలెత్తుకోలేడు.

"పడలే సారూ," అంది సోమక్క, తలకు కుట్లు వేయించుకుంటూ. "నేనే కొట్టిన. నడుం మీద కొట్టలే. నువ్వు బాగు జేసిన నడుం మంచిగనే ఉన్నది."

డాక్టరు పోలీసులకు కబురు చేస్తానన్నాడు, ఆమె ఒప్పుకుంటే. ఆమె ఒప్పుకుంది. స్టేషన్‌లో సుభాషిణి తాను చూసింది చూసినట్టు చెప్పింది. రాయమల్లును కూచోబెట్టి గట్టిగా హెచ్చరించారు, మళ్లీ చెయ్యెత్తితే లోపల వేస్తామన్నారు. యమున పరుగున వచ్చి తల్లి తల మీది కట్టు చూసి, మెట్ల మీదే కూలబడి ఏడ్చింది.

"నేనే జేయించిన్నే అవ్వా. ముసలోడైండనుకున్న."

"నేను గూడ వేలిముద్ర ఏసిన గద బిడ్డా," అంది సోమక్క. "లే. నాయినను నువ్వు తోల్కపో. నేను మాత్రం నా ఇంటికి పోత."

రాయమల్లు హసన్‌పర్తిలో కూతురింట్లోనే ఉండిపోయాడు. చెయ్యి అతుక్కుంది కానీ పిడికిలి పూర్తిగా మూసుకోదు. అల్లుడి ముందు నోరు కూడా తగ్గింది. సోమక్క వంటింట్లో తల తగిలిన గడప చట్రాన్ని వడ్రంగి చేత మార్పించింది. గోదాము పని మానలేదు. కొన్నాళ్లు సైకిల్ స్టాండు చప్పుడు ఎక్కడ విన్నా ఒళ్లు బిగుసుకునేది, ఇప్పటికీ అప్పుడప్పుడు బిగుసుకుంటుంది.

ఏడాది నిండాక దవాఖానలో ఆఖరి పరీక్షకు రాయమల్లునూ, కాగితాల మీద వేలిముద్ర వేసిన సోమక్కనూ రమ్మన్నారు. రాయమల్లు వరండాలో నిటారుగా నడిచి చూపించాడు. డాక్టరు తృప్తిగా తలాడించాడు. సుభాషిణి సోమక్కను పక్కకు పిలిచి, ఎట్లున్నవవ్వా అని అడిగి, చెప్పినంతసేపూ విన్నది.

బయట బస్టాప్ దగ్గర రాయమల్లు ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

"ఇంటికి రానా సోమీ?" అన్నాడు.

ఆమె చేతులు కొంగులో చుట్టుకుంది.

"రాకు," అంది.

వరంగల్ ఆటో వచ్చి ఆగింది. సోమక్క ఎక్కి, ఆడవాళ్ల మధ్య సర్దుకుని కూచుంది.