తెల్లగుడ్డ

ఇంజన్ సిలిండర్ తుడిచిన ప్రతిసారీ పెంచలయ్య గుడ్డను వెలుతురుకు పట్టి చూస్తాడు. లోపల సానరాయితో రుద్దినప్పటి పొడి కొంచెం మిగిలినా ఇంజన్ గీసుకుపోతుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా పిస్టన్ దించడు. ఆత్మకూరులో అతని మెకానిక్ షెడ్డు డీజిల్ కంటే సబ్బు వాసనే ఎక్కువ వేస్తుంది. ఆ సాయంత్రం గుడ్డకు ఇంకా బూడిదరంగు అంటుతోంది. ట్రాక్టర్ మాలకొండయ్యది. వాన పడిన చేను విత్తనం కోసం ఎదురుచూస్తోంది.

“బిగించబ్బా. పదును ఆరిపోతే నేనేడ ఇత్తేది? పెళ్లికూతురికి నలుగు పెడతా ఉండావా?”

పెంచలయ్య గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని పిస్టన్లు బిగించాడు.

మర్నాడు పొద్దున మాలకొండయ్య ట్రాక్టర్ కోసం వచ్చేసరికి పెంచలయ్య తనంతట తానే ఇంజన్ మళ్లీ విప్పి ఉన్నాడు. తలెత్తకుండా సిలిండర్‌ను సబ్బుతో కడిగాడు. ఉతికిన గుడ్డ మాలకొండయ్య చేతికిచ్చాడు.

“ఇంక నువ్వే తుడిచి చూడన్నా.”