అంగుళంన్నర అతుకు

మొన్న మా వదిన టీకొట్టు ఎత్తేస్తూ స్టవ్ బల్లని జీపు మీద కట్టించి నాకు పంపింది. దించీ దించగానే టేపు తీశాను. రెండు కాళ్లు ముప్పై అంగుళాలు, రెండు కాళ్లు ముప్పై ఒకటిన్నర. పొడుగు కాళ్ల అడుగున అతుకు కనిపిస్తుంది. ఆ అతుకు నాది.

తొంభై అయిదు ప్రాంతంలో సీలేరు కరెంటు కాలనీ గేటు ఎదుట, పల్లానికి వాలిన రోడ్డు పక్కన, ఏడు కొట్లుండేవి. ఏడింట్లోనూ బల్లలూ అరలూ నేను చేసినవే. వడ్రంగం నాకెవరూ నేర్పలేదు. టేపు, పెన్సిలు, ఎక్కాలు, అంతే. నా బల్లకి నాలుగు కాళ్లూ నూలు తేడా లేకుండా వచ్చేవి. కొట్లో పెట్టాక వాలితే ఆ తప్పు నేలది. పల్లం వైపు కాళ్ల కింద పెట్టుకోమని రాళ్లు కూడా నేనే కొలిచి, ఏరి ఇచ్చేవాణ్ణి.

అలాంటి చోటికి, చిన్న కొట్లకి పనికొచ్చే సామాన్లు తయారుచేస్తామని విశాఖ నుంచి డిజైన్ చదివిన పిల్లలు ముగ్గురు వచ్చారు. ఒకడు సోడాకొట్టుకి సీసాల గూడు చేశాడు, ఒకడు సైకిల్ షాపుకి పనిముట్ల పలక చేశాడు. వాళ్లతో నాకు పేచీ లేదు. కళ్లజోడు అమ్మాయి మాత్రం మా వదిన దగ్గర చేరింది. నాలుగు రోజులు పీట మీద కూర్చుని చూసిందే తప్ప టేపు తీయలేదు. నాకు నవ్వొచ్చింది. అయిదో రోజు వదిన మోచేతి ఎత్తుని ఒక దారంతో పట్టుకుంది. నెల తిరక్కుండా బల్ల వచ్చింది.

"నడుం నొప్పి పోనాది. రాయి కూడా అక్కర్లేదు," అని వదిన వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ రెండో మాట నా చెవిలో ముల్లులా దిగింది.

టీ వంకతో రోజుకి మూడుసార్లు వెళ్లి తప్పు వెతికాను. దొరికింది. పల్లం వైపు కాళ్లు అంగుళంన్నర పొడుగు. పట్నం చదువు చదివి నాలుగు కాళ్లు సమానంగా కొయ్యలేకపోయిందని అందరి ముందూ అన్నాను.

"టీ ఒలకనేదు కదా మేస్త్రీ, నీకేటి నొప్పి?" అన్నాడు సైకిల్ షాపు ఆయన.

వదిన ఊళ్లో లేని ఆదివారం బల్లని ఇంటికి తెచ్చి, వరండా గచ్చు మీద నిలబెట్టి, ఆ రెండు కాళ్లూ కోసేశాను. గచ్చు మీద ఎంత సమంగా నిలిచిందో చెప్పలేను. సోమవారం పొద్దున్న కొట్లో పెడితే పల్లానికి వాలింది. పొంగిన పాలన్నీ అటే ఒలికి వదిన పాదం మీద పడ్డాయి. నేను అన్నేళ్లు రాళ్లతో నెట్టుకొచ్చిన తేడాని ఆ అమ్మాయి కాళ్లలోనే పెట్టేసిందని అప్పుడు తెలిసింది.

పాదానికి తడిగుడ్డ చుట్టుకుంటూ, "కోసినావా బాబూ?" అంది వదిన. కోసిన ముక్కలు దాచి ఉంచాను గనక మళ్లీ అతికాను.

వానాకాలం వెళ్లాక ఆ అమ్మాయి బల్లని చూడ్డానికి వచ్చింది. వంగి అతుకు తడిమింది.

"తడికి అడుగు పాడైపోనాదమ్మా. మా మరిది బేగి సరిసేసినాడు," అంది వదిన, నా వైపు చూడకుండా.

"ఎంత బాగా అతికారండీ," అంది ఆ అమ్మాయి. తిట్టినా బాగుండేది.

ఇప్పుడా బల్ల మా వరండాలో ఉంది. సమంగా ఉన్న గచ్చు మీద అది వాలుతోంది. రంపం జోలికి పోలేదు. పొట్టి కాళ్ల కింద రాళ్లు పెట్టాను, కొలిచే. పదమూడేళ్లలో వదిన పాదం మీద మచ్చ మాసిపోయింది. నా అసూయ మాత్రం ఎప్పుడు కొలిచినా అంగుళంన్నరే ఉంటోంది.