బావ కోసం విప్పిన చక్రం

మా బావ పడవ కొన్నాడంటే ఇంట్లో అందరం నవ్వాం. ఎవరో సినిమా పాట తీసి వదిలేసిన పాత తెరచాప పడవ అది. విశాఖ నుంచి లారీ మీద తెప్పించి, ఫిల్మ్‌నగర్‌లో తన సినిమా సామాను దాచే షెడ్డులో దింపించాడు. ఆయన మా అక్క భర్త, నిర్మాత. నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాణ్ణి.

"ఒరేయ్, దీన్ని నువ్వే బాగుచెయ్యాలి. ఇద్దరం హుస్సేన్ సాగర్‌లో తిరుగుదాం. తెరచాప నీది, చక్రం నాది" అన్నాడు. శుభకార్యాలకు తప్ప నన్ను పిలిచిన పాపాన పోని మనిషి. ఆ "ఇద్దరం" అన్న మాటకే నేను పడిపోయాను.

స్టీరింగు చక్రం బిగుసుకుపోయింది. పక్కనున్న ఇంజన్ లీవర్లూ అంతే. ఉప్పుగాలి తిన్న లోహం మహా మొండిది. చక్రానికి పసుపు రాసి, బొట్టు పెట్టి మొదలెట్టాను. నడిమి నట్టును కిరోసిన్‌తో నానబెట్టాను. మేకప్ వాళ్ల హెయిర్ డ్రయ్యర్ అరువు తెచ్చి వేడి చేశాను. సుత్తి మాత్రం ముట్టలేదు. ఇరుసు వంగితే ఇక ఎందుకూ పనికిరాదు. సెట్టు విప్పేముందు కంటిన్యుటీ ఫొటోలు తీయడం మాకు అలవాటు, మళ్లీ అచ్చం అలాగే నిలబెట్టాలి కదా. ఇక్కడా ప్రతి మరకూ ఫొటో తీసి, సుద్దముక్కతో నంబరు వేశాను. పడవ తిన్నగా పోయేటప్పుడు చక్రంలో పైకి ఉండే పిడికి ఎర్రదారం కట్టాను.

బావ ఒకసారి వచ్చి చూశాడు.

"చక్రం మీద ఒక్క గీత పడకూడదురోయ్. లోపల చుక్కానికి పోయే కేబుళ్లు రాకపోతే కోసి పారెయ్."

"కోస్తే పడవ ఎలా నడుస్తుంది బావా?"

"నీ చాదస్తం నీది" అని నవ్వాడు.

నేనూ నవ్వాను, పిచ్చిమొహాన్ని. కేబుళ్లు కొయ్యలేదు. చేతుల తోలు ఊడినా ఒక్కొక్కటే లాగి, సాంతం బయటికి తీశాను. లీవర్లూ ఊడొచ్చాయి. ఊడదీసిన చక్రాన్ని మళ్లీ ఇరుసు మీద పెడితే ఒక్క వేలితో తిరిగింది. సంబరంగా బావకు ఫోన్ చేశాను.

"శభాష్! మళ్లీ బిగించకు, పాలిష్ పట్టిస్తా" అన్నాడు.

కేబుళ్లు ఇంటికి తీసుకెళ్లి కడిగి, గ్రీజు పట్టించి, ఓ పొద్దున షెడ్డుకు తెచ్చాను. పడవ లేదు.

"మీకు ఎరుక లేదా సార్?" అన్నాడు కాపలాదారు. "షూటింగుల కాలబెట్టనీకె తీస్కపోయిండ్రు. చక్రం, గా లీవర్లు జూబ్లీ హిల్స్‌ల సార్ కొత్త హోటల్‌ల గోడకు పెట్టనీకె పోయినయ్. ముందుగాల్నే అనుకున్నరు గద."

ఒళ్లు మండిపోయింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. గోడకు తగిలించాలి, విప్పిపెట్టరా అని అడిగితే కాదనేవాణ్ణా? పని చేయించుకోవడానికి నాకు హుస్సేన్ సాగర్ చూపించాడు. కేబుళ్లు కోసెయ్యమన్నప్పుడే నాకు తెలియాల్సింది.

హోటల్ ప్రారంభానికి అక్క పోరు పడలేక వెళ్లాను. గల్లాపెట్టె వెనక గోడ మీద చక్రం తళతళలాడుతోంది. ముచ్చటగా ఉందనుకున్నారేమో, ఎర్రదారం అలాగే ఉంచారు. ఆ పిడి మాత్రం కిందికి ఉంది.

బావ నా భుజం మీద చెయ్యేసి, "అంతా మా బావమరిది చేతి చలవే" అని వచ్చినవాళ్లకు చెప్పాడు. "ఏరా, ఎలా ఉంది?"

నేను చెయ్యెత్తి, పిడి పట్టుకుని తిప్పాను. గోడలోకి బోల్టులు దించి బిగించేశారు. ఇసుమంత కూడా కదల్లేదు.

"బిగుసుకుపోయింది బావా" అన్నాను. "ఈసారి నేను విప్పను."