దొర కారుకు ట్రాక్టరు ఇంజను

మా అంతయ్య బావుల మీది ఆయిలింజన్ల దగ్గర పని నేర్చిన మెకానిక్కు. జమ్మికుంట పక్కన మా ఊళ్ళో అతనికి రాని రిపేరు లేదు, అతను ఒప్పుకున్న తప్పూ లేదు. డెబ్బై నాలుగులో పెట్రోలు ధర మండిపోతుంటే, జైపాల్‌రావు దొర తన పడవంత అమెరికా కారును ఎద్దులతో లాగించుకుని అతని షెడ్డుకు వచ్చాడు.

"దీనికి తాగుడెక్కువైంది. డీజిలు మీద నడువాలె," అన్నాడు దొర.

"ట్రాక్టరు ఇంజను పెడుత దొరా."

"అమెరికా కారుల ట్రాక్టరు ఇంజనా?"

"ఇంజనుకు కులమేంది దొరా? ఏడ బిగిస్తె ఆడ తిరుగుతది."

నెల పట్టింది. ఇంజను ఎత్తెక్కువై బానెట్టు మూతపడకపోతే, దానికి కంత కోసి పొగగొట్టం నిలబెట్టాడు. పాత ఇంజనును ఇనుప సామాన్లవాడికి వేసేశాడు. కారు ఎద్దుల బండిని దాటేది, సైకిలును దాటేది కాదు. అయినా దొర మురిసిపోయాడు.

చిక్కు వేరేచోట వచ్చింది. దొర కారు చప్పుడు వింటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడాలి. అది మా ఊరి కట్టుబాటు. ట్రాక్టరు చప్పుడుకు ఎవరు లేస్తారు? మోకాళ్ళ నొప్పులతో ఉన్న అంతయ్య తల్లి భూమవ్వ అసలు కదల్లేదు. దొరకు తల తీసేసినట్టయింది. ఆ సాయంత్రమే డప్పు కొట్టించి చాటించాడు: ఇకనుంచి ట్రాక్టరు చప్పుడు వినపడినా లేవాల్సిందే.

లేచారు. పెంట తోలే ట్రాక్టరుకు లేచారు, పత్తి ట్రాక్టరుకు లేచారు. డ్రైవర్లు మీసాలు దువ్వుకుంటూ, పనిలేకున్నా రెండేసి సార్లు తిరిగారు. భూమవ్వ రోజుకు ఇరవై సార్లు లేచి నిలబడింది. ఆమె మూలుగు వింటే నాకు ఒళ్ళు మండేది.

నాలుగో రోజు ఆమె లేవలేదు. దొర కారు ఆపాడు.

"ఏమే, ఇది కారని కనవడ్తలేదా?"

"కండ్లకు కారే దొరా. మీరు లెవ్వుమన్నది చెవులకు గద. ఇయ్యాల్టి సంది నాకు చెవులు ఇనవడయి. నాతోని కాదు."

మర్నాటికి ఊరంతటికీ చెవులు వినపడలేదు.

దొర షెడ్డుకు పరుగెత్తాడు. "నా పాత చప్పుడు నాకు గావాలె!"

"పాత ఇంజను ఇనుపోడు కొంటవోయిండు దొరా. నేను బిగించింది సక్కగనే ఉన్నది," అన్నాడు అంతయ్య.

దొర కారును అక్కడే వదిలేశాడు. వారం తరువాత నేను భూమవ్వను ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, కరీంనగర్ బస్సులో ఆయన రాడ్డు పట్టుకుని నిలబడి కనిపించాడు. సీట్లలోంచి ఎవరూ లేవలేదు. భూమవ్వకే జాలేసింది.

"లెవ్వ గని, జర జరుగుత. కూసో దొరా," అని పక్కకు ఒదిగింది.

దొర కిటికీలోంచి బయటికి చూస్తూ కరీంనగర్ దాకా నిలబడే వచ్చాడు.