అమ్మ కళ్లలో తిల్ల పొగ

మా చిన్నప్పుడు... పొద్దు పొడవకముందే అమ్మ కత్తీ, పొడుగాటి వెదురుగడా తీసుకుని తోటపనికి వెళ్లిపోయేది. నేను గుడిసె అరుగు మీద కూర్చుని, ఆవిడ తల కనిపించినంత మేరా చూసేదాన్ని. ఆ తర్వాత చూడటానికి ఇంకేమీ ఉండేది కాదు...

గోదావరికి ఆనకట్ట కడుతున్నారని అందరూ చెప్పుకునే రోజులవి. నాన్న రాళ్లు మోసే పనికని ధవళేశ్వరం వెళ్లాడు... మళ్లీ రాలేదు. కబురూ రాలేదు. మలికిపురం అవతల ఏటి గట్టున మా గుడిసె ఒక్కటే. అందులో అమ్మా, నేనూ.

అమ్మ పేరు సూరమ్మ. కామందుగారి తోటల్లో పొదలు నరకడం, రాలిన కొబ్బరిమట్టలూ చెత్తా ఏరి కుప్పవేసి కాల్చడం ఆవిడ పని. ఏ కుప్పలోనూ ఊరికే చెయ్యి పెట్టేది కాదు. ముందు గడతో కొట్టేది. కాసేపు ఆగేది. పామో తేలో ఉంటే పోనిచ్చి, అప్పుడు కత్తి ఎత్తేది. కాళ్లకి పాతగుడ్డలు చుట్టుకునేది. తోటి ఆడవాళ్లు చూసి నవ్వితే, నవ్వనీ అనుకునేది.

నన్ను మాత్రం ఆ ఛాయలకి రానిచ్చేది కాదు.

"నేనూ వత్తానమ్మా... ఓ పక్కన కూకుంటాను."

"వద్దు. మట్ట రాలిందంటే ఏ పక్కన పడతాదో ఎవరికెరిక? నువ్వు ఇంటికాడుంటేనే నా చెయ్యి నిలకడగా ఉంటాది."

అలా రోజంతా ఒక్కదాన్నే... ఉట్టి మీద ముంతలో గంజి, చల్లారిన పొయ్యి, ఏటి మీంచి వచ్చే గాలి. మాట్లాడటానికి ఎవరూ లేక నాలో నేనే రెండు గొంతులతో మాట్లాడుకునేదాన్ని... ఒకటి నాది, ఒకటి అమ్మది.

ఆ యేడు చలికాలం చివర, కామందుగారు ఏటి ఒడ్డున కొత్తగా కొబ్బరి వేయించాలనుకున్నారు. అక్కడంతా తిల్ల చెట్లు. కొమ్మ విరిస్తే పాలు కారతాయి... ఆ పాలు కంట్లో పడితే చూపు పోతుంది. పచ్చి తిల్ల కాల్చిన పొగ తగిలినా అంతే.

మూడు రోజుల్లో అంతా నరికి కుప్ప పెట్టారు. పని చూసే పెద్దపాలేరు వెంటనే అంటించమన్నాడు.

"ఇంకా పచ్చిగా ఉందండీ," అంది అమ్మ. "ఓ పది రోజులు ఎండనివ్వండి. గాలి కూడా నిలకడగా లేదండి."

"రేపు కామందుగారు నేల చూడ్డానికి వత్తన్నారు. ఆయనకి నీ గాలి కబుర్లు చెప్పమంటావా?"

పెద్దపాలేరే అంటించాడు.

తర్వాత జరిగింది నాకు చిట్టెమ్మత్త చెప్పింది. ఆవిడ అమ్మతో పాటే పనిచేసేది. పొగ ఒక్కసారిగా మనుషుల మీదకి తిరిగిందట. అందరూ నీళ్లవైపు పరుగెత్తారు. చిట్టెమ్మత్త మోడు తగిలి పడిపోయింది. అమ్మ అప్పటికే బయటపడింది... అయినా వెనక్కి వెళ్లి, చెయ్యి దొరకబుచ్చుకుని ఆవిడని ఈడ్చుకొచ్చింది.

నేను చూసింది మాత్రం ఇంతే... ఆ సాయంత్రం అమ్మ చిట్టెమ్మత్త భుజం పట్టుకుని, తడుముకుంటూ వచ్చింది. కళ్లు వాచి మూసుకుపోయాయి. నేను సరిగ్గా ఎదురుగా నిలబడి ఉన్నాను.

"పిల్లేదీ?" అంది అమ్మ.



బాలింతరాలినడిగి తెచ్చిన చనుబాల చుక్కలు కళ్లలో వేశారు. నందివర్ధనం పూలు కళ్ల మీద పెట్టారు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఎన్నాళ్లనుంచో పగటిపూట అమ్మ ఇంట్లో ఉంటే బాగుండునని అనుకునేదాన్ని. ఇప్పుడు ఉంది... పలకరిస్తే పలకదు. అంత ఒంటరితనం, ఒక్కదాన్నే ఉన్న రోజుల్లో కూడా నాకు లేదు.

కామందుగారింటి నుంచి ఎవరూ రాలేదు. చిట్టెమ్మత్త ఒక్కతే దుత్తలో చోడి అంబలి తెచ్చేది.

నెల దాటాక ఒకనాడు అమ్మ నావైపు అదేపనిగా చూసింది. "జుట్టంతా చిక్కు పడిపోయిందేంటే," అంది. నేను ఆవిడ మెడ పట్టుకుని ఏడ్చేశాను. ఎడమకన్ను వచ్చింది. కుడికన్ను మరి రాలేదు.

అప్పుడు వచ్చాడు పెద్దపాలేరు... ఇంకో చెక్క నేల బాగుచెయ్యాలని.

అమ్మ కూర్చున్నచోటనుంచి లేవలేదు. "వత్తానండీ. పచ్చి తిల్ల మాత్రం కాల్చను. గాలి తిరిగితే పని ఆపేత్తాను. మీరు వద్దన్నా ఆపేత్తాను."

ఆయన వెళ్లిపోయాడు. తర్వాత ఏ తోటకీ అమ్మని పిలవలేదు. ఆవిడ కొబ్బరాకు తడకలు అల్లేది... ఒంటికంటితో, వేళ్లతో తడుముతూ. కొన్ని రోజులు ఇద్దరం గంజితేటే తాగాం. "ఒప్పేసుకోవచ్చుగా అమ్మా," అన్నాను ఒకసారి. అమ్మ నా తల నిమిరింది.

కొన్ని వారాలకి ఆయనే మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయన కళ్లు ఎర్రగా వాచి, నీళ్లు కారుతున్నాయి.

"నువ్వు చెప్పినట్టే కానియ్, సూరమ్మా."

"ఆయ్," అంది అమ్మ. ఒక్క మాట దెప్పలేదు. పెరట్లోకి వెళ్లి, గుప్పెడు నందివర్ధనాలు కోసి ఆయన చేతిలో పోసింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు, అమ్మ ఊ అంటేనే ఆ తోటల్లో నిప్పు పెట్టేవాళ్లు. నన్ను మాత్రం ఒక్కనాడూ తీసుకెళ్లలేదు. అందుకు నాకు చాన్నాళ్లు కోపం ఉండేది...

ఇప్పుడు ఆ ఒడ్డంతా కొబ్బరే. కాలవలొచ్చాయి, పడవలొచ్చాయి. తిల్ల చెట్టు చూపిద్దామన్నా అక్కడ ఒక్కటీ లేదు. అమ్మా లేదు, చిట్టెమ్మత్తా లేదు. ఆ నీడన బొండాలు తాగేవాళ్లెవరికీ సూరమ్మ అంటే ఎవరో తెలీదు... చెప్పేవాళ్లు నేను తప్ప మిగల్లేదు.

మీ ఊరి తోటలు కూడా ఒకప్పుడు ఎవరో ఒకరు బాగుచేసినవే కదండీ... వాళ్ల పేర్లు మీకు గుర్తుంటే చెప్పండి. వినాలని ఉంది.