పాయింట్ల మామ గీయించిన పట్టాల పటం

మా వీధి పాయింట్ల మామ పోయిన ఆదివారం పొద్దున చనిపోయాడు. ఫోన్ చేసి చెప్పింది ఆయన కూతురు. "అబ్బా పొయినాడు తమ్ముడూ" అని వాళ్ళ నాయన కోసం కాసేపు ఏడ్చి, "నీ కాడ అబ్బా రైలు పటం ఉందంట గదా, అది అయిపోయిందా?" అని అడిగింది. "చూసి చెప్తాలేక్కా" అని ఫోన్ పెట్టేశాను. ఉన్నమాట ఎందుకు చెప్పలేకపోయానో రాయకుండా ఆయన గురించి ఇంకేం రాసినా అబద్ధమే అవుతుంది.

ముద్దనూరు స్టేషన్లో ముప్పై ఏండ్లు పాయింట్స్‌మన్‌గా చేసిన మనిషి. వచ్చే బండి ఏ లైనులోకి పోవాలో, పట్టాలు మార్చి దారి చూపించే పని. రిటైరయ్యాక ప్రొద్దుటూరులో మా పక్కింట్లోకి వచ్చాడు. ఆయన కొడుకు కువైట్ నుంచి ఒక చిన్న బొమ్మ రైలూ, పెట్టెడు పట్టా ముక్కలూ పంపిస్తే, ఈయన వాటిని మా వీధి బడికి ఇచ్చేస్తానన్నాడు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద ముద్దనూరు స్టేషన్ని దించాలి, పిల్లలే దాన్ని నడపాలి. హెడ్మాస్టర్ ఒప్పుకున్నాడు గానీ ముందు పటం తెమ్మన్నాడు. పటాన్ని బల్లకు అతికిస్తే వడ్రంగి మేస్త్రీ ఆ గీతల మీదనే పట్టాలు పెట్టి మేకులు కొడతాడు.

నేను ఫ్లెక్సీల అంగడిలో డిజైనర్ని. పుట్టినరోజులు, సంతాపాలు, నాయకుల స్వాగతాలు గీసే ఆ సాఫ్ట్‌వేర్‌లోనే పట్టాలు కూడా గీయమని మామ వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాడని ఊరికే అన్నాను. రెండు నెలలు నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. ఏం చెప్పినా దాన్ని నేను తిరిగి చెప్పాలి. స్టేషన్లో మాస్టర్ చెప్పిన మాటను పాయింట్స్‌మన్ తిరిగి చెప్పకపోతే పని జరగదట. మెయిన్ లైను పక్కన బండ్లు ఆగే లూపు లైను గీసినప్పుడూ అంతే.

"లూపు లైను రెండడుగులు."

"సరే మామా."

"సరే కాదు. చెప్పు."

"లూపు లైను రెండడుగులు."

టీ చెప్పినా ఇదే వరస. "టీ రెండు" అంటే టీ కొట్టు పిల్ల కూడా "టీ రెండు" అనాల్సిందే. ఆ పిల్ల నవ్వుతూ అనేది. నేను పళ్ళు కొరుక్కుంటూ అనేవాణ్ణి.

నాకు కోపం ఎక్కువ. దొరికిన కరపత్రమల్లా చదివి పెంచుకున్న కోపం. ఒకరోజు అడిగేశాను. "బడిలో బెంచీలు ల్యావు, తాగను నీళ్ళు ల్యావు. నీకు ఆటబండి కావాల్నా మామా?"

"బెంచీలు అడుగు, ఎవరు వద్దన్న్యారు? ఆ అర్జీ కూడా ఇట్లనే సాగదీసి ఇస్తావా ఏంది?"

సాగదీయడమని ఎందుకు ఎత్తిపొడిచాడో చెప్పాలి. మొదటి పటం ఏడడుగుల పొడవే వచ్చింది. మా అంగడిలో ఎవరైనా ఏం చేస్తారో నేనూ అదే చేశాను. మౌసుతో పక్క అంచు పట్టుకుని ఎనిమిదడుగులకు లాగి ప్రింటు కొట్టాను. ఫ్లెక్సీ మీద నాయకుల బుగ్గలు అట్లాగే వెడల్పవుతాయి, ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మామ జేబులోంచి చిన్న వ్యాగను తీసి ప్రింటు మీద చేత్తో నడిపించాడు. పొడవునా నేరుగా ఉన్న పట్టాల మీద చక్రాలు గీతలకు సరిగ్గా కూర్చున్నాయి. మలుపు మొనకు పోయేసరికి ఒక చక్రం గీత మీద, రెండోది రెండు గీతల నడుమ. అక్కడ పట్టాల మధ్య ఎడం సాగిపోయింది. గుండ్రంగా ఉండాల్సిన మలుపు గుడ్డులా తయారైంది.

"మొగం సాగదీస్తే మనిషి ఏమనడప్పా. పట్టా సాగదీస్తే బండి ఊరుకోదు" అన్నాడు.

మళ్ళీ మొదటి నుంచి గీశాను. చేత్తో వంచిన మలుపులకు మామ ఒప్పుకోలేదు. పద్దెనిమిది అంగుళాల వ్యాసార్ధంతో వృత్తం గీసి, అందులోంచి కోసి తీసుకోవాలి. కంటికి బాగుందంటే, "కన్ను నీది, చక్రం దానిది" అనేవాడు. కొత్త ప్రింటు తీసిన ప్రతిసారీ వ్యాగను నడిచేది, ఎక్కడో ఒకచోట గీత తప్పేది. మా ఓనరు నన్ను చూసి నవ్వేవాడు. నేను మౌసును బల్లకేసి కొట్టేవాణ్ణి.

అన్నిటికంటే పెద్ద తగాదా ఇసక లైను దగ్గర వచ్చింది. ప్లాట్‌ఫారం లైను పోయి మెయిన్ లైనులో కలిసే ముందు, పక్కకు చీలి ఇసుక దిబ్బలోకి పోయి ఆగిపోయే చిన్న లైను అది. చోటు చాలక దాన్ని తీసేశాను. మామ చూడగానే కనిపెట్టాడు.

"ఇసక లైను యాడబోయ?"

"దాని మీద ఏ బండీ పోదని నువ్వే అంటివి గదా. ఉత్త దండగ."

"పోకూడదనే ముప్పై ఏండ్లు దువా చేసుకున్న్యా. పోవాల్సొస్తే మాత్రం అది ఉండాల. డ్రైవరు సిగ్నల్ చూడకుండా వచ్చేసినాడనుకో. అవతల మెయిన్ లైన్లో జనాల బండి పోతాంటాది. వీణ్ణి ఇసకలో దింపితే వాళ్ళూ బతుకుతారు, వీడూ బతుకుతాడు."

"తప్పు చేసినోనికి దోవ ఏసేదేంది మామా? శిక్ష ఎయ్యాల."

"శిక్ష ఆపీసరు ఏస్తాడులే నిమ్మళంగా. ముందు బండి నిలబడాల గదప్పా" అని నవ్వాడు.

ఆ నవ్వుకే నాకు కోపం ఎక్కింది. ఇరవైసార్లు దిద్దించి ఇప్పుడు పాఠం చెబుతున్నాడనిపించింది. "ఇంగెవరితోనన్నా గీయించుకో పో" అన్నాను. ఆయన వ్యాగనును జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. అది మంగళవారం.

బుధవారం మధ్యాహ్నం, ఆ కుర్చీ వెనక ఎవరూ లేకపోవడం భరించలేక, ప్లాట్‌ఫారం కొంచెం కురచ చేసి ఇసక లైను పెట్టేశాను. అరగంట పని. పటం అయిపోయింది. మా ఇంటి నుంచి పక్కింటికి పోయి చెప్పడానికి పది అడుగులు. ఆయనే రావాలని పంతం పట్టాను. గురువారం రాలేదు, శుక్రవారం రాలేదు, శనివారమూ రాలేదు. ఆదివారం అంగడిలో ఉండగా ఆయన కూతురి ఫోన్ వచ్చింది.

కబరస్తాన్‌లో అందరితో పాటు నేనూ మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. ఆయన మంచితనం గురించి ఎవరెవరో మాట్లాడుతుంటే చిరాకేసింది. ఆయన మంచివాడు కాదని కాదు. ఆయన ఎంత సతాయించేవాడో ఒక్కరూ చెప్పలేదు, అందుకు.

మూడో రోజు ప్రింటు కొట్టి బడికి తీసుకుపోయాను. హెడ్మాస్టర్ కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "శానా బాగుండాది. ఈ ఉత్త లైను ఒకటి తీసేస్తే ఆడ బడి పేరు రాసుకోవచ్చు గదా?"

"తీయను సార్."

"ఏం, దాని మీద బండి పోతాదా?"

"పోదు సార్. పోకూడదు."

ఆయనకు అర్థం కాలేదు. ఆ మాట చెప్పిన మనిషికి ఉన్న ఓపిక నాకు లేదు. గొంతు పెంచాను, ఆనక తగ్గించాను, డ్రైవరు సంగతి మొదటి నుంచి చెప్పాను. చెబుతూ చెబుతూ కూడా, తప్పు చేసినవాడికి శిక్ష పడాల్సిందేననే నా మనసులో ఉంది. ఆ విషయంలో మామతో తగాదా నాకింకా తీరలేదు, తీర్చుకునేందుకు మనిషి లేడు. చివరికి హెడ్మాస్టర్, "సరేలే నాయనా, గోడ మీద రాపిస్తాంలే పేరు" అన్నాడు.

బల్ల కోసం తెచ్చిన ప్లైవుడ్డు వరండాలో పరిచి ఉంది. జిగురు పూసి పటం వేస్తే మూలలు చుట్టుకుని లేస్తున్నాయి. ఆరో తరగతి ఆడపిల్లలు నలుగురు వచ్చి, చెప్పులు విడిచి, నాలుగు మూలల మీద ఎక్కి కూర్చున్నారు. మేస్త్రీ చెవి మీది పెన్సిల్ తీసి, "యాడ మొదలుపెట్టల్ల?" అన్నాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఇసక లైను చివర వేలు పెట్టాను. మొదటి మేకు అక్కడ దిగింది. దెబ్బ దెబ్బకూ మూలల మీది పిల్లలు రవంత ఎగురుతున్నారు.